పడవలోంచి ఫ్లై ఫిషింగ్: ఎలాంటి చేతివల కొనాలి, పిడి ఎంత పొడవుండాలి?

కొంగజపం
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఏటిలో మోకాలి లోతున నిలబడి ఫ్లై ఫిషింగ్ (ముల్లుకి ఈకలు, దారాలు చుట్టి పురుగులా చేసిన ఎర, అదే ఫ్లై, దాంతో చేపలు పట్టడం) చేస్తున్నాను. ఈ మధ్యే ఒక మిత్రుడితో కలిసి సరస్సులో పడవ మీంచి మొదలుపెట్టాను. 14 అడుగుల అల్యూమినియం పడవ, రెండు తెడ్లు, ఇంజన్ లేదు. వల మాత్రం పాతదే. చెక్క చట్రం, జానెడు పిడి, వీపు మీద అయస్కాంతానికి అతుక్కుని వేలాడే రకం.

నిన్న ఈ ఏడాదిలోకెల్లా పెద్ద ట్రౌట్ తగిలింది. పడవ దాకా వచ్చి, అలిసిపోయి, ఒక పక్కకి ఒరిగింది కూడా. ఒక చేత్తో రాడ్ ఎత్తి పట్టుకుని రెండో చేత్తో వల చాపితే ఇంకా రెండడుగులు అందడం లేదు. వంగాను. నాతోపాటు పడవా వంగింది. మావాడు బ్యాలెన్స్ కోసం అటుపక్కకి జరిగాడు. ఆ కుదుపుకి వల అంచు లీడర్‌కి (లైన్ చివర ఫ్లై కట్టే సన్నటి దారం) తగిలింది, ఫ్లై చేప నోట్లోంచి ఊడొచ్చి వలకే గుచ్చుకుంది. చేప వెంటనే పారిపోలేదు. కాసేపు అక్కడే ఉండి, తీరిగ్గా వెళ్లింది. అదే ఎక్కువ బాధగా ఉంది.

పడవకని విడిగా ఒక వల కొనాలనుకుంటున్నాను. పిడి ఎంతుండాలి? రబ్బరా, నైలానా? లోతు సంచీయా, బల్లపరుపుదా? చూసినకొద్దీ అయోమయం పెరుగుతోంది.

తెడ్డుమాస్టారు
ఆదివారం, రాత్రి 10:15

పడవ ఎక్కిన కొత్తలో ప్రతివాడూ ఒకసారి చేసే పనే ఇది. మీరు నీళ్లలో పడలేదు, సంతోషం.

సలహా చెప్పేముందు కొన్ని సంగతులు కావాలి. మీరు కూర్చునే బల్ల నుంచి నీటికి ఎంత ఎత్తు? లీడర్ ఎంత పొడవు కడుతున్నారు? ఒక ఫ్లైయా, రెండా, మూడా? మీకు మామూలుగా తగిలే చేప ఎంతుంటుంది (కలలోకి వచ్చేది కాదు)? ఒంటరిగా వెళ్లే రోజులున్నాయా? ఇవి తెలిశాక బ్రాండ్లు మాట్లాడుకుందాం.

కొంగజపం
ఆదివారం, రాత్రి 10:32

బల్ల నుంచి నీటికి రెండడుగుల పైచిలుకు. రాడ్ తొమ్మిదిన్నర అడుగులు. లీడర్ 12 అడుగులు, ఒక్కోసారి రెండు ఫ్లైలు. చేపలు 35 నుంచి 45 సెంటీమీటర్లు. నిన్నటిది 55 పైమాటే, కొలవలేదు కాబట్టి నా మాటే ప్రమాణం. వారానికి ఒక రోజు ఒంటరిగానే వెళ్తాను. పట్టినవన్నీ వదిలేస్తాను.

బుడుంగు
ఆదివారం, రాత్రి 10:41

తప్పించుకున్న చేప పెరుగుతూనే ఉంటుందన్నా. వచ్చే ఆదివారానికి 65 అవుతుంది.

నాకూ ఇదే డౌట్ ఉంది. ఇక్కడే కూర్చుంటాను.

తెడ్డుమాస్టారు
సోమవారం, ఉదయం 6:20

పిడి సంగతి ముందు తేల్చుకుందాం. మిగతావన్నీ దాని తరవాతే.

రాడ్ కొన నుంచి బయటికున్న దారం రాడ్ అంత పొడవే ఉంటే, రాడ్‌ని వెనక్కి వాల్చినప్పుడు చేప దాదాపు చేతికందే దూరానికి వస్తుంది. మీ రాడ్ తొమ్మిదిన్నర, లీడర్ పన్నెండు. లీడర్‌ని లైన్‌కి కలిపిన ముడి కొన రింగు (రాడ్ చివర దారం దూరే రింగు) బయటే ఉన్నంతసేపూ చేప ఇంకో రెండున్నర అడుగులు అవతలే ఉంటుంది. మొన్న మీకు అందనిది దాదాపు ఆ దూరమే.

ముడిని రింగుల్లోంచి లోపలికి లాగేసుకోవచ్చు కదా అంటారు. ముడి నున్నగా ఉంటే లాగొచ్చు. కానీ వలని చూడగానే చేపకి ఎక్కడలేని బలం వస్తుంది. ఒక్క ఉదుటున కిందికి పోతుంది. అప్పుడు ఆ ముడి రింగులో ఇరుక్కుందా, టిప్పెట్ (లీడర్ చివరి సన్నటి ముక్క) టప్పున తెగుతుంది. పోనీ రాడ్‌నే తల వెనక్కి వంచేద్దామంటే బరువంతా సన్నటి కొన మీద పడుతుంది. నావి రెండు రాడ్లు అలా విరిగాయి, రెండోసారికి బుద్ధొచ్చింది.

రాడ్ వైపు నుంచి, లీడర్ వైపు నుంచి చేయగలిగింది తక్కువ. మిగిలిన దూరం పిడితోనే పూడ్చుకోవాలి. ఏటిలో నిలబడి ఉన్నప్పుడు మనమే నీళ్లలోకి దిగి ఉంటాం కాబట్టి జానెడు పిడి సరిపోయింది. పడవలో మనం నీటికి పైన ఉంటాం, మధ్యలో పడవ అంచు అడ్డం. ఈ రెండూ కలిసి పిడిలో రెండడుగులు మింగేస్తాయి.

మీ లెక్కకి నేనైతే చట్రంతో కలిపి 5 అడుగులకి అటూఇటూ ఉన్నది తీసుకుంటాను. నాలుగడుగులది ఇద్దరున్న రోజు చాలు, ఒంటరిగా ఉన్న రోజు మళ్లీ వంగాల్సి వస్తుంది. ఆరు దాటితే ఒంటి చేత్తో నీళ్లలో నిలకడగా పట్టుకోలేరు, కొన ఊగుతుంది. కొనేముందు చిన్న పరీక్ష చేయండి. మీ పాత వలని ఒక కర్రకి కట్టి, పడవలో కూర్చునే చోటే కూర్చుని, లేవకుండా ముందుకి చాపండి. చట్రం మొత్తం మునగాలి. ఏ పొడవులో మీ భుజం బల్ల దాటి బయటికి పోకుండా అది కుదిరిందో అదే మీ పొడవు.

నీటికాకి
సోమవారం, ఉదయం 9:05

మాస్టారి లెక్కతో పేచీ లేదు. కానీ ఫ్లై వాళ్లకి మాత్రమే ఉండే ఇంకో తలనొప్పి ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. కాళ్ల దగ్గర కుప్పగా పడి ఉండే లైన్! స్పిన్నింగ్ వాళ్ల దారం రీల్లోకి పోతుంది. మనం చేత్తో లాగే దారం ముప్పై అడుగులు పడవ అడుగున పాములా పడుకుని, ఏది దొరికితే దాన్ని చుట్టుకుందామని చూస్తుంటుంది. తెడ్డు, లంగరు తాడు, చెప్పు, డబ్బా మూత. వీటన్నిటికంటే దానికి ఇష్టమైనది చేతివల.

నా మొదటి పడవ వల మడత రకం. పిడి మీద నొక్కుడు బటన్, చట్రం దగ్గర మడత బందు, వెనక ఒక కొక్కెం. చూడ్డానికి మహా తెలివైన వస్తువు. ఒకసారి మంచి చేప తగిలి పరుగెత్తింది, లైన్ చుట్ట ఆ బటన్‌కి తగులుకుంది, నేను చూస్తుండగానే వల లేచి నా మోకాలికి కొట్టి నీళ్లలో పడింది. ఆ తరవాత చేప, ఫ్లై, వల మూడూ లేవు.

అందుకని నా సలహా, పిడి మీద పొడుచుకొచ్చిన ముక్క ఏదీ ఉండకూడదు. కొనే చోట ఒక దారం ముక్క పిడి మీద వదులుగా వేసి ఈ చివర నుంచి ఆ చివరకి లాగి చూడండి. ఎక్కడ ఆగిందో రేపు మీ లైనూ అక్కడే ఆగుతుంది. పడవలో వలని ఎప్పుడూ మీ వెనక పక్కనే పెట్టుకోండి, లైన్ పడే చోట కాదు. సంచీ మీద ఒక తడి తువ్వాలు కప్పితే ఇంకా మంచిది.

గట్టుమీదోడు
సోమవారం, మధ్యాహ్నం 1:30

టెలిస్కోపిక్ పిడిని అప్పుడే కొట్టిపారేయకండి. నాది కయాక్. ఆరడుగుల కర్ర పెట్టుకునే చోటే లేదు. మూడడుగుల నుంచి ఐదున్నర దాకా సాగే పిడి నాలుగేళ్లుగా వాడుతున్నా. బటన్ చోట పాత సైకిల్ ట్యూబు ముక్క తొడిగాను, లైన్ తగులుకోదు.

దాని తిప్పలు దానికున్నాయి లెండి. ఇసుక పోతే బిగుసుకుంటుంది. ఉప్పునీళ్లలో వాడితే లోపలి స్ప్రింగ్ తుప్పు పడుతుంది, ఇంటికొచ్చి మంచినీళ్లతో కడగాల్సిందే. చేప పక్కన ఉండగా ఒంటి చేత్తో సాగదీయడం జరగని పని. పొద్దున పడవ ఎక్కగానే సాగదీసి అలాగే ఉంచుతాను.

నీటికాకి
సోమవారం, మధ్యాహ్నం 1:52

పొద్దున్నించి సాయంత్రం దాకా సాగదీసే ఉంచితే అది సాగే పిడి ఎందుకైంది గట్టు గారూ?

గట్టుమీదోడు
సోమవారం, మధ్యాహ్నం 1:58

కారులో పట్టడానికండీ.

కోరపళ్లు
సోమవారం, రాత్రి 8:10

నేను ఎక్కువగా పైక్ కోసం వెళ్తాను కాబట్టి సంచీ గురించి నాకు కాస్త అనుభవముంది. పళ్లున్న చేప, పెద్ద ఫ్లై, రెండూ వల్లో పడి గిరగిరా తిరిగితే ఏమవుతుందో చూసినవాడు ముడులున్న నైలాన్ వల జోలికి మళ్లీ పోడు.

నాలుగు రకాలు దొరుకుతాయి. ముడులేసి అల్లిన నైలాన్, ముడుల్లేని మెత్తటి అల్లిక, నైలాన్ మీద రబ్బరు పూత వేసింది, మొత్తంగా రబ్బరుతోనే పోతపోసింది. మొదటిది చేపని వదిలేసేవాళ్లకి అసలు వద్దు. ముడులు గరుకుగా రాసుకుని ఒంటి మీది జిగురు పోతుంది, పొలుసులు రాలతాయి, తోక చీలుతుంది. ఆ జిగురే చేపకి రోగాలు రాకుండా అడ్డుగోడ. 2003లో బ్లూగిల్ చేపల మీద రబ్బరు, ముడుల్లేని నైలాన్, సన్న ముడుల నైలాన్, ముతక ముడుల నైలాన్ వలల తేడాలు చూసిన అధ్యయనం ఒకటి వచ్చింది. వలలో పట్టిన చేపల్లో ఏడు రోజుల్లో 4 నుంచి 14 శాతం దాకా చచ్చిపోయాయి, వల తగలని వాటిలో ఒక్కటీ చావలేదు. ముడుల వలల్లో గాయాలూ చావులూ రెండూ ఎక్కువ. రబ్బరు, ముడుల్లేని అల్లిక నయం. అంటే మంచి వలైనా చేపకి ఎంతో కొంత దెబ్బే, గుర్తుపెట్టుకోండి.

ముడుల్లేని మెత్తటి అల్లిక చేపకి బాగానే ఉంటుంది, మనకే నరకం. ఫ్లై ముల్లు దాని పోగుల్లోకి దూరిందంటే తియ్యడానికి ఫోర్సెప్స్, కళ్లద్దాలు, ఓపిక కావాలి. పూత రకం తేలిక, త్వరగా ఆరుతుంది. కానీ రెండు మూడు సీజన్లకి పూత పగిలి, ఆ పగుళ్లలో ముల్లు దిగుతుంది. పోత రబ్బరు బరువు, కానీ ఫ్లై దానికి తగులుకున్నా చేత్తో ఊడొస్తుంది. నా ఓటు దానికే.

వల కన్ను మరీ పెద్దదైతే చిన్న చేప తల దూరి మొప్పల దగ్గర పట్టేస్తుంది. నా చిటికెన వేలు దూరితే చాలు, అంతకు మించి వద్దనుకుంటాను. ఇంకో మాట, దోమల మందు రాసుకున్న చేతులతో రబ్బరు సంచీ, ఫ్లై లైను ముట్టుకోకండి. అందులో డీట్ అనే రసాయనం ఉంటే ప్లాస్టిక్కుల్ని కరిగిస్తుంది.

చెక్కవల
మంగళవారం, ఉదయం 7:15

నేను వలల చట్రాలు నా చేత్తోనే చేసుకుంటాను. యాష్, మేపుల్ పట్టీలు ఆవిరికి వంచి, పొరలుగా అతికించి. చెక్క మీద ప్రేమ ఉన్నవాణ్నే, అయినా నిజం చెప్పాలి కదా. ఐదడుగుల పిడికి పోత రబ్బరు సంచీ తగిలిస్తే చెక్క చట్రం చేతికి బరువే. పైగా పడవ అడుగున తడిలో పడేసి ఉంచితే వార్నిష్ లేచిన చోటల్లా నీరు తాగుతుంది. చెక్కవాడినైన నేనే పడవలో కార్బన్, ఫైబర్‌గ్లాస్ కలిపి చేసిన చట్రం వాడుతున్నా. ఫిష్‌పాండ్ వాళ్ల నోమాడ్ వరసలో ఇలాంటివి ఉన్నాయి. తేలిక, నీళ్లలో పడితే తేలుతుంది.

అల్యూమినియం కూడా గట్టిదే. కాకపోతే మీ పడవా అల్యూమినియమే కదా, చట్రం అంచుకి తగిలినప్పుడల్లా గుడి గంట కొట్టినట్టుంటుంది. చేపకి ఆ చప్పుడు మనకంటే ముందు వినిపిస్తుంది. పిడికి స్పాంజి తొడుగు వేస్తే సగం తగ్గుతుంది.

బుడుంగు
మంగళవారం, ఉదయం 10:20

పోత రబ్బరు నీళ్లలో లాగడానికి చాలా బరువట కదా? స్పీడుగా కదపలేం అంటున్నారు.

తెడ్డుమాస్టారు
మంగళవారం, ఉదయం 11:00

> స్పీడుగా కదపలేం అంటున్నారు

కదపకూడదు బాబూ! వలతో చేపని తరిమేవాడికే ఆ బరువు బాధ. వేగం రెట్టింపు చేస్తే నీటి అడ్డు నాలుగింతలవుతుంది, ఏ వలకైనా. చేప మనకంటే వేగం. ఆ పందెంలో మనం గెలిచేది లేదు.

వల ముందే నీళ్లలో ముంచి, కదలకుండా పట్టుకోవాలి. రాడ్‌తో చేప తల నీటిపైకి తేల్చి, వల అంచు మీదుగా నడిపించాలి. తల ముందు రావాలి. చేప ముందుకే ఈదుతుంది కాబట్టి బెదిరినా సంచీ లోపలికే పోతుంది. తోక వైపు నుంచి తోడబోయామా, తోక తగలగానే ఎగిరి బయటికి. చేప సగం దాటాక రాడ్ కొన కాస్త దించితే మిగతా సగం దానంతటదే పడుతుంది. తల తేలకపోతే అది ఇంకా సిద్ధంగా లేదని అర్థం, వల వెనక్కి తీసుకోండి.

ఆ రోజు కొంగజపం గారి వల్లో జరిగింది కూడా పిడి ఒక్కదాని తప్పు కాదు. వలని చేప దగ్గరికి పంపారు. చేపని వల దగ్గరికి తేవాలి.

కొంగజపం
మంగళవారం, ఉదయం 11:25

ఒప్పుకుంటున్నా మాస్టారూ. టెన్షన్‌లో చెయ్యి దానంతటదే ముందుకి పోయింది.

మూడుఫ్లైలు
మంగళవారం, రాత్రి 9:30

ఆలస్యంగా చూశాను. కొంగజపం గారు రెండు ఫ్లైలు కడతానన్నారు కాబట్టి నేను నోరు విప్పక తప్పదు. నేను పడవని గాలికి అడ్డంగా వదిలి, వెనక డ్రోగ్ వేసి (పడవ జోరు తగ్గించడానికి నీళ్లలో వదిలే గుడ్డ గొడుగు లాంటిది), ముందుకి మూడు ఫ్లైలు వేస్తాను. రాడ్ 10 అడుగులు, లీడర్ 16 నుంచి 18. ఇలా చేసేవాళ్లకి వల విషయంలో కష్టాలు మూడింతలు.

చేప చివరి ఫ్లైకి తగిలిందనుకోండి. మిగతా రెండూ చేపకీ రాడ్ కొనకీ మధ్య గాలిలో వేలాడుతుంటాయి. పై ఫ్లై కొన రింగు దాకా వచ్చాక ఇక దారం లోపలికి లాగడానికి లేదు. అక్కడ పిడి పొడవే దిక్కు. చేప పై ఫ్లైకి తగిలితే కథ వేరు. కిందున్న రెండు ఫ్లైలు చేప కింద తోకల్లా వేలాడుతూ వస్తాయి. వల పైపైన పెడితే అవి ముందు వల అంచుకి బయటివైపు గుచ్చుకుంటాయి, చేప అంచు మీద ఆగిపోతుంది. ఇక అది తల విదిలిస్తే మనం చూస్తూ ఉండాల్సిందే. వలని బాగా లోతుకి దించి, ఆ రెండు ఫ్లైలు కూడా చట్రం లోపలికి వచ్చాకే పైకి ఎత్తాలి. దానికి వెడల్పు చట్రం కావాలి. నాది లోపలి కొలత 20 అంగుళాలు. బార్బ్ (ముల్లు కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే మొన) లేని ముళ్లు వాడితే చిక్కు తీయడం సగం తేలిక.

చేప మన ముందు, గాలి వాలున ఉంటుంది. పడవ దాని మీదికి కొట్టుకుపోతూ ఉంటుంది, కాబట్టి లైన్ వదులవకుండా గబగబా లాగుతూ ఉండాలి. అది పడవ కిందికి దూరితే బలవంతంగా ఎత్తకుండా రాడ్ కొన నీళ్లలో ముంచి, పడవ చివర చుట్టూ తిప్పుకు రండి. డ్రోగ్ తాడు ఉన్న వైపుకి మాత్రం పోనివ్వకండి.

నీటికాకి
బుధవారం, ఉదయం 8:40

పొడవాటి పిడి కొన్న కొత్తలో అందరూ చేసే తప్పు ఒకటి మిగిలింది. చేప పడగానే పారతో మట్టి ఎత్తినట్టు వలని అడ్డంగా ఎత్తడం. వెనక చెయ్యి పిడి చివర, ముందు చెయ్యి దానికి అడుగు దూరంలో ఉండి, చేప ఐదడుగుల అవతల ఉంటే, రెండు కిలోల చేప ముందు చేతికి పది కిలోలవుతుంది. సాగే పిడులు వంగేది, చట్రం పిడి నుంచి ఊడేది అప్పుడే.

చేప లోపలికి వచ్చాక ఎత్తకండి. నీళ్లలోనే పడవ దగ్గరికి లాక్కోండి, పిడిని చేతుల్లోంచి వెనక్కి జారనిస్తూ. చట్రం చేతికందాక చట్రాన్నే పట్టుకోండి. వదిలేసే చేపైతే ఆ తరవాత కూడా ఎత్తక్కర్లేదు. సంచీ నీళ్లలోనే ఉండగా ముల్లు తీసేయొచ్చు.

సంచీ లోతు గురించి ఎవరూ మాట్లాడలేదు. బల్లపరుపు అడుగున్న సంచీలో చేప చాపలా సమంగా పడుకుంటుంది, వంగిపోదు, కొలవడం తేలిక. కానీ పడవ ఎత్తు నుంచి చూస్తే అందులోంచి పెద్ద చేప ఎగిరి దూకే ప్రమాదమూ ఉంది. మరీ లోతైతే చేప మూటలా మడతపడి, ఫ్లైలతో కలిసి చిక్కుపడుతుంది. 45, 55 సెంటీమీటర్ల చేపకి మూరెడు లోతు, కాస్త వెడల్పు అడుగు ఉన్నది చాలు. కోరపళ్లు గారి పైక్‌లకి ఇంకా లోతు కావాలి, అది వేరే లోకం.

బుడుంగు
బుధవారం, ఉదయం 9:15

అక్కా, ప్రతి చేపకీ వల వెయ్యాలా? అరచేయంత చేపలకి కూడా?

నీటికాకి
బుధవారం, ఉదయం 9:22

అక్కర్లేదు తమ్ముడూ. పడవ పక్కకి వచ్చాక లీడర్ వెంట చెయ్యి జార్చి, ఫ్లైని పట్టుకుని వెనక్కి తిప్పితే అదే జారిపోతుంది. చేపని ముట్టుకునే పనే లేదు. చెయ్యి అందకపోతే వల వాడు, పడవ మీంచి వేలాడొద్దు.

కోరపళ్లు
బుధవారం, రాత్రి 7:50

"ఎత్తక్కర్లేదు" అన్నదానికి ఒక మాట కలుపుతాను. 1992లో అచ్చయిన ఒక ప్రయోగం ఉంది. రెయిన్‌బో ట్రౌట్‌లని బాగా అలిసేదాకా తరిమి, కొన్నిటిని నీళ్లలోనే ఉంచారు, కొన్నిటిని 30 సెకన్లు, కొన్నిటిని 60 సెకన్లు గాలిలో పెట్టారు. నీళ్లలోనే ఉన్నవాటిలో 12 శాతం చచ్చాయి. అరనిమిషం గాలిలో ఉన్నవాటిలో 38 శాతం. నిమిషం ఉన్నవాటిలో 72.

చెక్కవల
బుధవారం, రాత్రి 8:25

ఆ లెక్కలు నేనూ చదివాను. కాకపోతే అవి ప్రయోగశాలలో పూర్తిగా డస్సిపోయేదాకా తరిమిన చేపలు. రెండు నిమిషాల్లో పడవకి తెచ్చిన చేపకి అదే అంకె అంటగట్టలేం.

కోరపళ్లు
బుధవారం, రాత్రి 8:31

నిజమే. అంకె మారుతుంది, దారి మారదు. సన్నటి టిప్పెట్‌తో పది నిమిషాలు ఆడించి, ఆపైన ఫొటో కోసం నిమిషం ఎత్తి పట్టుకునేవాళ్లని మీరూ చూసే ఉంటారు. నీళ్లు 20 డిగ్రీలు దాటిన రోజుల్లో నేను ట్రౌట్ జోలికే పోను.

కొంగజపం
గురువారం, రాత్రి 9:10

మాస్టారు చెప్పిన కర్ర పరీక్ష చేశాను. నాలుగడుగులకి మునిగింది గానీ భుజం బయటికి పోయింది. ఐదుకి హాయిగా కూర్చునే అందింది. దారం పరీక్ష మూడు వలల మీద చేస్తే రెండు ఫెయిల్.

చివరికి ఒకే ముక్క పిడి, కార్బన్ కలిపిన చట్రం, పోత రబ్బరు సంచీ, మూరెడు లోతు, లోపలి కొలత 19 అంగుళాలున్నది తీసుకున్నాను. పిడిలోనే త్రాసు ఉన్న మెక్‌లీన్ వల కూడా చూశాను. ఆశ పుట్టింది, కానీ బరువు తూయాలంటే చేపని నీళ్లలోంచి ఎత్తాలి కదా అని ఊరుకున్నా. పిడి మీద ఐదేసి సెంటీమీటర్లకి గీతలు గీసుకున్నాను, పక్కన పెట్టి కొలుచుకోవచ్చని.

గట్టుమీదోడు
గురువారం, రాత్రి 9:34

కారులో పట్టిందా?

కొంగజపం
గురువారం, రాత్రి 9:36

ముందు సీటు వెనక్కి వాల్చి. పక్కన ఎవరూ కూర్చోడానికి లేదు.

చెక్కవల
గురువారం, రాత్రి 10:02

మొదటి రోజే లోతు తక్కువ ఉన్న చోట వలని నీళ్లలో వదిలి చూడండి. చట్రం తేలేదే అయినా పోత రబ్బరు సంచీ కిందికి గుంజుతుంది. మునిగితే పిడి చివర ఒక బొరియ చేసి సన్నతాడు కట్టి పడవకి ముడేసుకోండి. తాడు పొట్టిగా ఉంచండి, లేకపోతే నీటికాకి గారి లైన్‌కి ఇంకో నేస్తం దొరికినట్టే.

కొంగజపం
మూడు వారాల తరవాత, ఆదివారం, రాత్రి 8:15

రిపోర్టు ఇస్తానని చాలా రోజులైంది. నాలుగుసార్లు వెళ్లాను, అందులో ఒకటి ఒంటరిగా.

వల మునగలేదు, కానీ పూర్తిగా తేలనూ లేదు. సంచీ కిందికి వేలాడుతూ పిడి కొన మాత్రం జానెడు పైకి నిక్కి నిలబడింది. తాడు కట్టేశాను.

ఇద్దరం ఉన్న రోజు తేలిగ్గానే గడిచింది. ఒక్కటే గొడవ, వల పట్టుకున్నవాడు కూడా చేపని తరుముతాడు. మావాడికి "కదపకు, కదపకు" అని అరవాల్సొచ్చింది. ఇప్పుడు వాడు వలని నీళ్లలో పెట్టి పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు కదలకుండా కూర్చుంటున్నాడు. పదకొండు చేపలు వల్లోకొచ్చాయి, ఒకటి వల అంచున పోయింది. అది మూడుఫ్లైలు గారు చెప్పిందే, అక్షరం పొల్లుపోకుండా. పై ఫ్లైకి తగిలిన చేప, కింది ఫ్లై వచ్చి వల బయటివైపు గుచ్చుకుంది. రబ్బరు కాబట్టి ఊడొచ్చింది, కానీ అప్పటికే చేప వెళ్లిపోయింది.

ఒంటరిగా వెళ్లిన రోజే నిజమైన పరీక్ష. రాడ్ చేతి చూపుడువేలితో లైన్‌ని రాడ్ పిడి కార్కుకి నొక్కిపెట్టి, రాడ్ పక్కకీ వెనక్కీ వాల్చి, ఎడంచేత్తో వల ముంచాను. బల్ల మీంచి లేవలేదు. ఐదడుగుల వల ఒంటి చేతికి ఎక్కువ బరువనిపించింది, అందుకని పిడిని ముంజేతికి ఆనించి, మోచేతిని పడవ అంచు మీద పెట్టాను. అలా కుదిరింది. 47 సెంటీమీటర్లు, పిడి మీద గీతల ప్రకారం. నీళ్లలోంచి ఎత్తకుండానే వదిలేశాను.

తెడ్డుమాస్టారు
ఆదివారం, రాత్రి 8:40

మోచెయ్యి ఆనించడం మంచి ఉపాయం. అంచు మీద చిన్న స్పాంజి ముక్క అతికించుకోండి, రోజంతా ఆనిస్తే మోచెయ్యి కమిలిపోతుంది.

నీటికాకి
ఆదివారం, రాత్రి 8:55

ఇంటికెళ్లాక సంచీని పూర్తిగా ఆరబెడుతున్నారు కదా? ఒక సరస్సు నీళ్లు ఇంకో సరస్సుకి మోసుకెళ్తే నాచులు, రోగాలు వాటితోపాటే వెళ్తాయి. పోత రబ్బరు తొందరగానే ఆరుతుంది, చట్రంలో సంచీ దూర్చిన గాడిలో మాత్రం తడి దాక్కుంటుంది. ఎండలో మరీ ఎక్కువసేపు వదలకండి, రబ్బరు పెళుసెక్కుతుంది.

కొంగజపం
ఆదివారం, రాత్రి 9:03

గాడి సంగతి నాకు తట్టలేదండీ. ఇప్పుడే వెళ్లి చూస్తే తడిగానే ఉంది. గుడ్డ పెట్టి తుడిచి, నీడలో తలకిందులుగా వేలాడదీశాను.

బుడుంగు
ఆదివారం, రాత్రి 9:20

అన్నా, ఆ జానెడు పిడి పాత వల ఏం చేస్తున్నావు? ఏటికెళ్లే పనుంది నాకు.